మీరు గది దాటి వెళ్లాక మిగిలేది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లారు. అడిగినవాటికి సరైన జవాబులే చెప్పారు, మర్యాదగా ఉన్నారు, చిరునవ్వు చెదరనివ్వలేదు. అయినా నాలుగు చోట్లా ఒకే మాట: "మీరు బాగానే చేశారు, కానీ మరొకరిని తీసుకున్నాం." ఎదుటివారికి గుర్తుండాలన్నా, వారికి నచ్చాలన్నా ఏమి చేయాలని అడిగారు. పంతొమ్మిదేళ్లుగా నేను బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. అక్కడి నుంచి ఏమి కనిపిస్తుందో చెబితే మీకు ఎక్కువ ఉపయోగం అనుకుంటున్నాను.

ఉద్యోగం ఎవరికన్నది మీ ఎదుట తేలదు. మీరు వెళ్లిపోయాక, సాయంత్రమో మర్నాడో, ముగ్గురు నలుగురం ఒక గదిలో కూర్చుంటాం. ఒక్కొక్క పేరూ చదువుతుంటే "ఈయన ఎవరు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అది నిర్లక్ష్యం కాదు. వరసగా ఐదారుగురితో మాట్లాడాక ముఖాలూ జవాబులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు పక్కనున్నవారు ఒక్క వాక్యంలో గుర్తు చేస్తారు. కొందరిని "ఆ నీలం చొక్కా ఆయన" అంటారు. కొందరిని "గోదాములో లేబుళ్ల సమస్య కనిపెట్టిన ఆయన" అంటారు. నీలం చొక్కా ఆయన కూడా గంటసేపు చక్కగానే మాట్లాడి ఉంటారు, కానీ ఆయన గురించి చెప్పుకోవడానికి ఆ గదిలో మరేమీ మిగల్లేదు. నా దృష్టిలో ఇంటర్వ్యూలో మీరు చేయవలసిన అసలు పని ఒక్కటే: మీరు లేని గదిలో మీ తరఫున మాట్లాడబోయే మనిషికి మాటలు అందించి రావడం.

ఈ సంగతి నాకు ఒక నష్టం వల్ల తెలిసింది. కొత్తగా ఈ బాధ్యత తీసుకున్న రోజుల్లో ఒకామె వచ్చారు. నెమ్మదస్తురాలు. ఏ ప్రశ్న అడిగినా పొల్లుపోకుండా జవాబు చెప్పారు. పనిమంతురాలని నాకు గట్టిగా అనిపించింది. సాయంత్రం మా గదిలో ఆమె పేరు వచ్చినప్పుడు "ఈమె బాగుంటారు" అన్నాను. "ఎందుకు?" అని అడిగారు. నా కాగితం చూసుకున్నాను. "అనుభవం ఉంది, బాధ్యత గల వ్యక్తి, జట్టులో కలిసి పనిచేస్తారు" అని రాసుకున్నాను. ఐదుగురి కాగితాల మీదా అవే మాటలు. నేను ఇంకేమీ చెప్పలేకపోయాను. ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. సరైన ప్రశ్న అడిగి ఆమె చేత చెప్పించలేకపోవడం నా తప్పే, ఇప్పటికీ బాధపడతాను. కానీ అవతలి వైపు ఎప్పుడూ నేర్పరే ఉంటారన్న నమ్మకం లేదు కదా. ఆ లోటు మీరే పూడ్చుకోవాలి.

గుర్తుండటం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మీ ఇబ్బంది ఎక్కువగా అక్కడే ఉందని మీ వివరాలు చూస్తే అనిపిస్తోంది. 1987లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రయోగం చేశారు. కొన్ని ముఖాలు చూపించి, ప్రతి ముఖానికీ ఒక ఇంటిపేరు, ఒక వృత్తి చెప్పారు. ఇంగ్లిషులో బేకర్ అనే మాట ఇంటిపేరూ అవుతుంది, రొట్టెలు కాల్చే వృత్తీ అవుతుంది. మాట అదే అయినా, వృత్తిగా చెప్పినప్పుడు జనానికి బాగా గుర్తుంది, ఇంటిపేరుగా చెప్పినప్పుడు జారిపోయింది. రొట్టెలు కాల్చేవాడు అనగానే పొయ్యి, పిండి, తెల్లవారుజామున లేవడం, ఇలా ఎన్నో కళ్లముందుకు వస్తాయి. ఇంటిపేరు వెంట ఏదీ రాదు. "నాకు నాయకత్వ లక్షణాలున్నాయి", "సమస్యలను త్వరగా పరిష్కరిస్తాను" అనే వాక్యాలు ఆ ఇంటిపేరు లాంటివి. వినేవారి మనసులో వాటికి తగులుకునే కొక్కెం లేదు.

కొక్కెం అంటే ఏమిటో ఒక ఉదాహరణ. వినియోగదారుల సందేహాలు తీర్చే ఉద్యోగానికి, చదువు అప్పుడే ముగించిన ఒక అమ్మాయి వచ్చింది. అనుభవం బొత్తిగా లేదు. "క్లిష్టమైన విషయాన్ని ఎవరికైనా వివరించి చెప్పిన సందర్భం ఉందా?" అని అడిగాను. అమ్మమ్మకు వీడియో కాల్ చేయడం నేర్పిన సంగతి చెప్పింది. "మొదట నాలుగు మెట్లుగా కాగితం మీద రాసిచ్చాను. ఆమెకు కుదరలేదు. పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా గమనించాను. నేను ఒక మెట్టు అనుకున్నది ఆమెకు మూడు మెట్లు. తెర ఆరిపోతే మళ్లీ వెలిగించడం అనే మెట్టు నేను రాయనే లేదు, ఎందుకంటే అది నాకు పనిలా అనిపించదు. పదకొండు మెట్లతో తిరిగి రాశాను. మూడో రోజు ఆమే నాకు కాల్ చేసింది." చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ సాయంత్రం మా గదిలో ఆమె పేరు ఎవరూ పలకలేదు, "అమ్మమ్మకు ఫోను నేర్పిన అమ్మాయి" అనే అన్నారు. ఎందుకు తీసుకోవాలని అడిగినప్పుడు నాకు వెతుక్కునే పని లేకపోయింది: "ఎదుటివారికి అర్థం కాకపోతే తన వివరణలో లోపం వెతికే మనిషి." అనుభవం ఉన్న ముగ్గురిని దాటి ఆమెకు ఉద్యోగం వచ్చింది.

ఆ కథలో ఏమున్నాయో విడదీసి చూడండి. పెద్ద విజయం లేదు. ఆమె స్వయంగా చేసిన పని ఉంది, కళ్లకు కట్టే ఒక వస్తువు ఉంది, తన మొదటి ప్రయత్నం ఎక్కడ తప్పిందో ఉంది, చివరకు ఏమి మారిందో ఉంది. ఈ నాలుగింటిలో జనం ఎక్కువగా దాచేది మూడోది, అంటే తప్పిన చోటు. దాన్ని తీసేస్తే కథ గొప్పలు చెప్పుకున్నట్టు మారిపోతుంది, వినేవారు లోలోపల ఒక అడుగు వెనక్కి వేస్తారు. తప్పిన చోటును చెబితే "ఈ మనిషి నిజమే చెబుతున్నాడు" అన్న నమ్మకం కలుగుతుంది, ఆ తర్వాత మీరు చెప్పే విజయాన్ని కూడా నమ్ముతారు.

మీ పనిలోంచి అలాంటి సంఘటనలు నాలుగు ఏరుకోండి. పది అక్కర్లేదు. ఒకటి మీరు స్వయంగా కనిపెట్టి సరిచేసినది, ఒకటి తోటివారితో భేదాభిప్రాయం వచ్చి తేలినది, ఒకటి మీరు చేసిన పొరపాటు, ఒకటి కొత్తది నేర్చుకున్నది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల్లో చాలావాటికి ఈ నాలుగింటిలో ఏదో ఒకటి జవాబవుతుంది. వాటిని వాక్యం వాక్యం బట్టీ పట్టవద్దు. బట్టీ పట్టిన జవాబు ఇట్టే తెలిసిపోతుంది: కళ్లు పైకి పోతాయి, గొంతు ఒకే తీరులో సాగుతుంది, మధ్యలో ప్రశ్న అడిగితే మళ్లీ మొదటికి వస్తారు. సంఘటనలోని వస్తువులనూ అంకెలనూ మాత్రం గుర్తుపెట్టుకోండి, వాక్యాలు అప్పటికప్పుడు వాటంతట అవే వస్తాయి. "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు బయోడేటా ఏకరువు పెట్టకండి, అది మా చేతిలోనే ఉంది. ఇప్పుడు చేస్తున్న పని ఏమిటి, అందులో మీకు ఇష్టమైన భాగం ఏది, ఈ ఉద్యోగం వైపు ఎందుకు చూశారు, ఈ మూడూ రెండు నిమిషాల్లోపు చెప్పి ఆగండి. ఆగడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఏ జవాబైనా రెండు నిమిషాలు దాటుతోందనిపిస్తే "ఇంకా వివరంగా చెప్పమంటారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటివారి సమయం మీద మీకున్న గౌరవం వారికి తెలుస్తుంది.

ఇక నచ్చడం. ఇది అన్యాయంగా కనిపించవచ్చు కానీ నిజం: మనిషి నచ్చితే మిగతావన్నీ మెరుగ్గా కనిపిస్తాయి. 1977లో జరిగిన ఒక ప్రయోగంలో ఒకే అధ్యాపకుడు ఒక వీడియోలో ఆప్యాయంగా, మరో వీడియోలో ముభావంగా మాట్లాడాడు. ఆప్యాయంగా ఉన్న వీడియో చూసిన విద్యార్థులకు ఆయన రూపం, హావభావాలు, ఉచ్చారణలోని యాస కూడా బాగున్నాయనిపించాయి. ముభావంగా ఉన్న వీడియో చూసినవారికి ఆ యాసే చికాకు పుట్టించింది. తమ ఇష్టాయిష్టాలు తమ అంచనాను ఇలా వంచాయని వారికి తెలియనే లేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లం మేమూ మనుషులమే. ఎంత జాగ్రత్తపడినా ఈ వంపు నుంచి పూర్తిగా తప్పించుకోలేం.

అయితే నచ్చాలని ప్రయత్నించేవారు సాధారణంగా చేసేది పొగడటం, ప్రతి మాటకూ తలూపడం, ఎడతెగని నవ్వు. వీటితో నాకు అలసట తప్ప మరేమీ కలగలేదు. నచ్చినవారిని ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటే నాకు తట్టేది వేరు. వారు నా మాట విన్నారు. ఒకసారి సంభాషణ మొదట్లో మా టీమ్‌లోకి కొత్తవారు వచ్చాక పని అప్పగించడం కష్టంగా ఉందని నేను యథాలాపంగా అన్నాను. అరగంట తర్వాత ఒకాయన, "ఇందాక పని అప్పగించడం గురించి అన్నారు కదా, ఆ ఇబ్బంది సమాచారం రాసి లేకపోవడం వల్లా, లేక చెప్పేవారికి తీరిక లేకపోవడం వల్లా?" అని అడిగారు. అప్పటిదాకా పరీక్షలా సాగుతున్నది ఆ క్షణం నుంచి ఇద్దరం కలిసి ఒక సమస్య గురించి ఆలోచిస్తున్నట్టు మారింది. ఆ మార్పు జరిగితే చాలు, మీరు నచ్చకుండా ఉండటం కష్టం. ఆయనతో పనిచేస్తే ఎలా ఉంటుందో నాకు పది నిమిషాల పాటు రుచి చూపించారు.

తోటివారి గురించి మాట్లాడే తీరు కూడా అంతే బలంగా పడుతుంది. "ఈ ఆలోచన నాది కాదు, నా పక్కన కూర్చునే ఆమెది. దాన్ని అమలు చేయడం నా వంతు" అని చెప్పే మనిషి పట్ల గౌరవం పెరుగుతుంది, ఆయన చేసిన పని ఎంతో స్పష్టంగా తెలుస్తుంది కూడా. కొందరు వినయం పేరుతో అంతా "మేము, మేము" అంటారు. అప్పుడు మీరేమి చేశారో నేను గదిలో చెప్పలేను. మరికొందరు అంతా "నేనే" అంటారు. ఎవరి వంతు ఎంతో విడమరచి చెప్పండి, అంతకు మించిన వినయం అక్కర్లేదు.

పాత యజమాని గురించి మాత్రం జాగ్రత్త. మీ ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయమైనదే కావచ్చు. కానీ నాకు రెండో పక్షం వినే అవకాశం లేదు, మిగిలేది మీ కోపం ఒక్కటే. "అక్కడ ఏమి బాగాలేదు" అన్నదాన్ని "నాకు ఏమి కావాలి" అన్నదిగా తిప్పి చెప్పండి. "మా మేనేజరు దేనికీ నిర్ణయం చెప్పేవాడు కాదు" అనే బదులు "నిర్ణయాలు త్వరగా తేలే చోట నేను బాగా పనిచేస్తాను, అందుకే మారాలనుకుంటున్నాను" అంటే నిజం దాచినట్టూ కాదు, నిందించినట్టూ కాదు.

తెలియని ప్రశ్న వస్తే చాలామంది నీళ్లు నమలడం మొదలుపెడతారు. ఆ రెండు నిమిషాల్లో పోయే నమ్మకం తిరిగి రావడం కష్టం. "ఇది నాకు తెలియదు. తెలుసుకోవలసి వస్తే ఫలానా చోట మొదలుపెడతాను" అనండి. ఒక అభ్యర్థి ఒక ప్రశ్నకు ధీమాగా జవాబు చెప్పి, పది నిమిషాల తర్వాత మాట మధ్యలో ఆపి, "క్షమించండి, ఇందాక నేను చెప్పింది తప్పు, ఒక సందర్భాన్ని మరచిపోయాను" అని సరిదిద్దుకున్నాడు. ఆ దిద్దుబాటు గురించి నేను మా గదిలో మిగతా అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడాను. పనిలో పొరపాటు జరిగినప్పుడు దాచకుండా చెప్పే మనిషి దొరకడం ఎంత అరుదో నాకు తెలుసు.

చిన్నచిన్న అపశ్రుతుల గురించి బెంగ వద్దు. మాట తడబడటం, గ్లాసు ఒలకడం, పేరు తప్పు పలకడం లాంటివి మీరు అనుకున్నంత పెద్దవి కావు. 1966 నాటి ఒక ప్రయోగంలో, ప్రశ్నలకు చాలా బాగా జవాబులు చెప్పిన వ్యక్తి చివర్లో తన మీద కాఫీ ఒలకబోసుకున్నప్పుడు, శ్రోతలకు అతను ఇంకా ఎక్కువ నచ్చాడు. అంతంతమాత్రంగా చెప్పిన వ్యక్తి అదే పని చేస్తే ఉన్న ఇష్టమూ తగ్గింది. కాబట్టి తడబాటు నటించాలని దీన్ని అర్థం చేసుకోకండి. సంసిద్ధత ఉన్నవారి తడబాటును జనం క్షమిస్తారు, అంతే. ఒక్క "క్షమించండి" చెప్పి ముందుకు సాగండి. పదే పదే క్షమాపణలు చెబితే అదే గుర్తుండిపోతుంది.

మీరు బాగా బిడియపడతానని కూడా రాశారు. ఇది చదివి కాస్త ఊరట పొందండి: అపరిచితులు మాట్లాడుకున్నాక, ఎదుటివారికి తాము ఎంత నచ్చామో చాలామంది తక్కువగా అంచనా వేసుకుంటారని 2018లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. ముభావంగా కనిపించే ఇంటర్వ్యూవర్ల విషయంలో ఇది మరీ నిజమని నాకనిపిస్తుంది. ఇప్పుడు చాలా చోట్ల అందరికీ అవే ప్రశ్నలు అదే వరసలో వేసి, ఒక్కో జవాబుకు మార్కులు వేసుకుంటున్నారు. అలాంటప్పుడు ముఖంలో ఏ భావమూ చూపవద్దని మాకు శిక్షణ ఇస్తారు. మేము తల వంచుకుని రాసుకుంటున్నామంటే మీరు రాయదగ్గదేదో చెబుతున్నారని అర్థం. ఆ ముఖం చూసి గొంతు తగ్గించుకున్నవారిని ఎందరినో చూశాను, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఇక గుండె దడ సంగతి: దాన్ని అణచాలని కూర్చుంటే పెరుగుతుంది. లోపలికి వెళ్లేముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని బయటకు పలకండి. 2014లో వెలువడిన ప్రయోగాల్లో "శాంతంగా ఉన్నాను" అని పలికినవారికన్నా ఇలా పలికినవారు ప్రసంగం మెరుగ్గా చేశారు. దడకూ ఉత్సాహానికీ శరీరంలో జరిగేది దాదాపు ఒకటే, పేరు మార్చడం తేలిక.

దుస్తుల గురించి అందరూ పేజీలకు పేజీలు చెబుతారు. శుభ్రంగా, ఇస్త్రీ చేసి, అక్కడివారు రోజూ వేసుకునేదానికన్నా ఒక మెట్టు పద్ధతిగా ఉంటే సరిపోతుంది. వీడియోలో అయితే కెమెరా కళ్ల ఎత్తులో, వెలుతురు ముఖం మీద పడేలా ఉండాలి. ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఎదుటివారు ముగించాక ఒక క్షణం ఆగి మొదలుపెట్టండి. బయట మిమ్మల్ని కూర్చోబెట్టిన వ్యక్తితో ఎలా మాట్లాడారో నేను తర్వాత అడిగి తెలుసుకుంటాను. నాలా అడిగేవారు చాలామందే ఉన్నారు.

చివరి ఐదు నిమిషాలకు మాత్రం విడిగా సిద్ధపడండి. 1993లో కొందరి చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం చేయి పెట్టించారు. మరోసారి అదే నిమిషానికి ఇంకో అర నిమిషం కలిపి, ఆ అర నిమిషంలో నీటిని మెల్లగా ఒక డిగ్రీ వేడి చేశారు. మళ్లీ ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు, మొత్తం బాధ అందులోనే ఎక్కువైనా సరే. ముగింపు ఎలా ఉందో మనసు దాన్నే పట్టుకుంటుంది. "మీరు అడగవలసినవి ఏమైనా ఉన్నాయా?" అన్నప్పుడు "ఏమీ లేవండి" అని లేచిపోతే, అప్పటిదాకా బాగా సాగిన సంభాషణ చల్లారిపోతుంది. నేను విన్నవాటిలో మేలైన ప్రశ్న ఇది: "ఈ ఉద్యోగంలో చేరినవారు మొదటి మూడు నెలల్లో ఏమి చేస్తే మీకు నిజంగా భారం తగ్గుతుంది?" దానికి నేను నిజాయితీగా జవాబు చెప్పక తప్పలేదు. చెబుతున్నంతసేపూ ఆ అభ్యర్థి ఆ కుర్చీలో కూర్చుని ఆ పని చేస్తున్నట్టే ఊహించుకున్నాను. ఆ జవాబు విన్నాక, దానికి సరిపోయే మీ సంఘటన చెప్పకుండా మిగిలి ఉంటే అప్పుడు చెప్పండి. తర్వాత మొహమాటం లేకుండా "ఈ పని చేయాలని నాకు ఉంది" అనండి. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, ఈ మాట నోరు తెరిచి చెప్పేవారు చాలా తక్కువ. అదే రోజు నాలుగైదు వాక్యాల ఈమెయిల్ పంపండి, అందులో మీ మధ్య నిజంగా జరిగిన ఒక మాట ప్రస్తావించండి. అందరికీ పంపదగ్గ ఈమెయిల్ అయితే పంపకపోయినా తేడా లేదు.

ఇవన్నీ చేసినా రాని ఉద్యోగాలు ఉంటాయి. ఒక్కోసారి ఆ కుర్చీ సంస్థలోనే ఉన్న ఒకరికి ముందే ఖాయమై ఉంటుంది, ఒక్కోసారి ఆ ఖాళీనే రద్దవుతుంది. మీకు "బాగానే చేశారు" అన్న నాలుగు చోట్లలో అలాంటివి ఒకటో రెండో ఉండి ఉండవచ్చు. వాటిని మీ ఖాతాలో వేసుకోకండి.

ఈ వారం ఒక పని చేయండి. మీ రంగంతో సంబంధం లేని స్నేహితుడికి మీ సంఘటనల్లో ఒకటి నిమిషంన్నరలో చెప్పండి. ఎందుకు చెబుతున్నారో చెప్పవద్దు. రెండు రోజులు ఆగి, "మొన్న నేను చెప్పిన సంగతి ఏమిటో గుర్తుందా?" అని అడగండి. వారి నోటి నుంచి వచ్చేదే మా గదిలో మీ గురించి వినిపించే వాక్యం. "ఏదో ఆఫీసు గొడవ గురించి చెప్పావు" అన్నారంటే అందులో వస్తువులు చాలలేదని, మీరు చేసిన పని మసకగా ఉందని అర్థం. తిరిగి రాసి, మరో స్నేహితుడి దగ్గర ప్రయత్నించండి. రెండోసారీ కుదరకపోతే ఆ సంఘటనను నాకు రాసి పంపండి, చదివి ఎక్కడ జారిపోతోందో చెబుతాను.